రన్ అంటే ఒక్క పరుగే కాదన్న టీచరమ్మ

మొన్న మంగళవారం పొద్దున్నే ఫోన్ మోగింది. చేసింది టీచరమ్మ మేనల్లుడు. "అన్నా, మా అత్తమ్మ పోయింది. పొద్దుగాల లేచి వాకిట్ల తిరుగుతుండె. గోడ పట్టుకొని జర నిలబడ్డది. గంతే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ కుర్చీ జరిపి కూర్చోమంది. కూర్చోలేకపోయాను. చెప్పులు వేసుకున్నాను, విప్పాను, మళ్ళీ వేసుకున్నాను. స్కూటర్ తాళం చేతిలోనే పెట్టుకుని ఇల్లంతా వెతికాను. నాలుగు రోజులైనా ఇంకా అలాగే ఉంది. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే రెండు వాక్యాలకే లేచి అటూ ఇటూ తిరుగుతున్నాను.

మీరు ఆవిడ పేరు విని ఉండరు. ఏ సినిమా టైటిల్స్‌లోనూ అది పడలేదు. ఎనభైల మధ్యలో సినిమాలకు రాద్దామని గుడివాడ నుంచి వచ్చి, శ్రీనగర్ కాలనీ వెనక సందులో ఆవిడ మేడమీద రేకుల గదిలో కిరాయికి దిగాను. అప్పటికే ఆవిడ ఆడపిల్లల సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లల్లేరు. చిన్నప్పటి చదువు ఉర్దూలో, ఇంట్లో మాట తెలుగు, బతుకుతెరువు ఇంగ్లీషు. మొదటిరోజు నేను "టీచర్ గారండీ" అని పిలిస్తే, "గారు, అండీ రెండెందుకు పిలగా? ఒకటి దాచుకో, ఇంకెవరికన్న పనికొస్తది" అన్నారు. అప్పట్నుంచి టీచరమ్మే.

తీరిగ్గా కూర్చున్న మనిషి కాదు. చాయ్ నిలబడే తాగేవారు. పెద్ద ఇంగ్లీషు నిఘంటువు కుట్టుమిషన్ మీద ఉండేది. దాన్ని చదువుతూ ఒక కాలితో మిషన్ తొక్కేవారు. సూదిలో దారం ఉండదు, కింద బట్ట ఉండదు, చక్రం మాత్రం తిరుగుతూ ఉండేది. దర్జీ షాపు బోర్డు మీద ఒక ఇంగ్లీషు అక్షరం తప్పుంటే లోపలికెళ్ళి చెప్పారు. పెయింటరు వచ్చి దిద్దేదాకా రోజూ వెళ్ళి అడిగారు. ఆ దర్జీ చివరికి ఆవిడ సందు మలుపు తిరగడం చూసి షట్టర్ సగం దించేసేవాడు.

ఫిల్మ్‌నగర్‌లో అప్పుడు ఇళ్ళకంటే బండలే ఎక్కువ. ఆ బండల మధ్య కట్టిన ఒక బంగళా అడుగున చిన్న డబ్బింగ్ స్టూడియో ఉండేది. నాకు అక్కడే మొదటి పని దొరికింది. బయటిదేశాల్లో తీసిన వ్యవసాయం, ఆరోగ్యం సినిమాలు వచ్చేవి. ఇంగ్లీషు కాగితాలు చూసి నేను తెలుగు రాస్తే, ఒక డబ్బింగ్ ఆర్టిస్టు చదివేది. వ్యాను మీద ఊరూరా తిప్పి వాటిని చూపించేవాళ్ళు.

ఒకరోజు పిల్లల ఆరోగ్యం మీద సినిమా పూర్తిచేసి, నాలుగింటికల్లా గర్వంగా ఇంటికొచ్చాను. టీచరమ్మ వాకిట్లో తిరుగుతూ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నేను రాసినదాంట్లో నాకు బాగా నచ్చిన వాక్యం వినిపించాను. "మీ పిల్లవాడు పరుగులు పెడుతున్నా సరే, తిండీ నీళ్ళూ మానిపించకండి." గోరుముద్దలు పట్టుకుని బిడ్డ వెనక పరిగెత్తే తల్లిని ఊహించుకుని రాశాను దాన్ని.

ఆవిడ ఆగిపోయారు. "ఇంగ్లీషుల ఏమున్నది?"

"ఇఫ్ యువర్ చైల్డ్ హ్యాజ్ ది రన్స్..."

చేట అరుగు మీద పెట్టేశారు. "రన్స్ అంటే ఉరుకుడు కాదు పిలగా. విరేచనాలు. పిల్లకు విరేచనాలైతే నీళ్ళు తాపొద్దంటరు ఊళ్ళల్ల. గా తప్పు పోగొట్టనీకే తీసిన సినిమా గది. నువ్వు గా మాటనే లేపేసినవ్."

తెరమీద ఆ వాక్యం దగ్గర డాక్టరు ముఖం తప్ప ఇంకేమీ లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. టేపు మర్నాడు పొద్దున ఊళ్ళకి వెళ్ళిపోతుంది. "ఒక్క వాక్యమే కదండీ, ఎవరు చూస్తారు?" అన్నాను.

"చూసేటోళ్ళ గురించి కాదు నా ఫికర్. విని చేసేటోళ్ళ గురించి. పా, పోదాం."

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి ఎత్తు ఎక్కుతూ నేను ఆవిణ్ణి బతిమాలాను. తప్పు నాదని చెప్పవద్దని, ఉద్యోగం పోతుందని. ఆవిడ నాకంటే పది అడుగులు ముందు నడుస్తున్నారు.

స్టూడియో యజమాని మా కృష్ణాజిల్లా వాడే. విన్నాడు, చిరాకు పడ్డాడు. "ఆర్టిస్టు మద్రాసు రైలుకి వెళ్ళిపోయిందమ్మా. ఒక్క ముక్క కోసం ఇప్పుడెవర్ని తెమ్మంటారు? అయినా పల్లెటూళ్ళ వాళ్ళకి ఏం తెలుస్తుందండీ?"

"తెల్వదనే గదా సారూ, సినిమా చూపిస్తున్నరు?" అన్నారు టీచరమ్మ.

అతను నావైపు తిరిగాడు. "ఎలా వచ్చిందయ్యా ఇది?"

"ఒరిజినల్ కాగితంలోనే తప్పు పడిందండీ" అన్నాను. టీచరమ్మ నన్ను చూశారు.

రికార్డిస్టు మంచివాడు. "అమ్మ గొంతు బానే ఉంది. ఆవిడతోనే చెప్పిద్దాం" అన్నాడు. నేను గబగబా రాసిచ్చాను. "పిల్లలకు విరేచనాలు అవుతున్నప్పుడు తిండి మానిపించకండి. నీళ్ళు మానిపించకండి." మొదటిసారి ఆఖరి బెంచీకి వినపడేలా అరిచారు. రెండోసారి గొంతు కుదిరింది గానీ నేలమీద పాదం ఆడిస్తున్న చప్పుడు టేపులో పడింది. మూడోసారీ అంతే. కూర్చోబెడితే కుర్చీ కిర్రుమంది. చివరికి నేను నేలమీద కూర్చుని ఆవిడ రెండు పాదాలూ కదలకుండా పట్టుకున్నాను.

"పాదాలు పట్టుకునుడేంది పిలగా" అని సిగ్గుపడ్డారు. అరచేతుల కింద ఆ పాదాలు పట్టుకున్న పిట్టల్లా కొట్టుకుంటున్నాయి. ఆ తడవకి సరిగ్గా వచ్చింది. ఒక్క "మానిపించకండి" మాత్రం "బంద్ చేయకండి" అయింది. యజమాని మొహం చిట్లించాడు. రికార్డిస్టు వినపడనట్టు టేపు ఆపేశాడు. అందరూ కోస్తా తెలుగు మాట్లాడే ఆ సినిమాలో ఒకే ఒక్క వాక్యం, వేరే గొంతులో, తెలంగాణ మాటతో ఊళ్ళు తిరిగింది.

బస్టాపుకి నడిచి వచ్చాం. బస్సు కనపడ్డాక టీచరమ్మ అన్నారు, "సినిమాల తప్పు దిద్దినం. నువ్వు చెప్పిన అబద్ధం ఇంక గట్లనే ఉన్నది. గది నేను దిద్దేది కాదు."

నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్ళి యజమానితో నిజం చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "రేపట్నుంచి రావద్దు" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నాకు కోపమంతా టీచరమ్మ మీదే వచ్చింది. నిజం చెప్పమన్నది ఆవిడ, పని పోయింది నాకు. మూడు వారాలపైన ఆవిడతో మాట్లాడలేదు. పొద్దున లేచి జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలన్నీ కాలినడకన తిరిగేవాణ్ణి. ఆఫీసుల గేట్ల దగ్గర నిలబడేవాణ్ణి. గూర్ఖాలకి నా ముఖం అలవాటైపోయింది. గది ఖాళీ చేసి మధురానగర్‌లో స్నేహితుడి దగ్గరికి పోదామని ట్రంకు పెట్టె కూడా సర్దాను. ఆవిడ మాత్రం క్షమించమనలేదు, సర్దిచెప్పలేదు. నా అడుగుల చప్పుడు వినగానే కింద నుంచి "బువ్వ తిన్నవా?" అని అడిగేవారు. నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. మర్నాడు మళ్ళీ అడిగేవారు.

ఒక సాయంత్రం వాన. బయట తిరగడానికి లేదు. కిందకి దిగి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ మిషన్ తొక్కుతూ నిఘంటువు చూస్తున్నారు. తల ఎత్తకుండానే, "రన్. గీ ఒక్క మాటకు ఎన్ని పేజీలున్నయో చూడు. చెప్పు, ముక్కు?" అన్నారు.

బింకంగా ఉందామనుకున్నాను. నోరు ఊరుకోలేదు. "కారుతుంది."

"బండి?"

"నడుస్తుంది."

"మీ సినిమా?"

"ఆడుతుంది."

"చీర రంగు?"

"దిగుతుంది."

"దుకాణం?"

"నడుపుతారు."

"వాళ్ళ దేశంల ఎలక్షన్లకు గూడ రన్ అనే అంటరు. మన దగ్గర?"

"నిలబడతారు."

ఆవిడకి నవ్వొచ్చింది. "ఆళ్ళు ఉరుకుతరు, మనోళ్ళు నిలబడతరు. గెల్చినంక ఇద్దరూ కానరారు." నాకూ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే, ఎందుకో తెలియదు, ఏడ్చాను కూడా. ఆవిడ నావైపు చూడకుండా మిషన్ తొక్కుతూనే ఉన్నారు. నేను కుదుటపడ్డాక అన్నారు. "మాట ఎప్పుడూ ఒక్కతే రాదు బిడ్డా, చుట్టాలను ఎంటపెట్టుకొని వస్తది. చుట్టాలను చూసి మాటను గుర్తువట్టాలె. నువ్వు తొందరల చుట్టాలను చూడలే, గంతే. నీకు తెలివి లేక కాదు."

ఆ వాన వెలిసేదాకా అదే పని. కాలు నిలవని నాబోటి వాళ్ళ దగ్గర్నుంచి కుళాయి నీళ్ళ దాకా ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందో వెంటబడి చూశాం. మేడమీదికెళ్ళి ట్రంకు పెట్టెలోంచి బట్టలు తీసి మళ్ళీ తీగమీద వేశాను.

తర్వాత ఆ రికార్డిస్టే ఇంకో స్టూడియోలో నా పేరు చెప్పాడు. "తప్పు చేస్తే తనే వచ్చి చెప్పే కుర్రాడు" అన్నాడట. తొంభైలలో బయటి సినిమాలు తెలుగులోకి తెచ్చే పని బాగా పెరిగింది, నాకూ తీరిక లేకుండా పోయింది. పెళ్ళయింది, ఇల్లు మారాను. కొన్నాళ్ళు రాసిన ప్రతి కాగితమూ పట్టుకెళ్ళి ఆవిడకి చూపించేవాణ్ణి. ఎర్రసిరా కాదు, పెన్సిలు వాడేవారు. "నా దిద్దుడు గూడ తప్పు కావచ్చు, చెరపనీకి ఉండాలె" అనేవారు. తర్వాత నెలకోసారి వెళ్ళాను. తర్వాత పండక్కి. ఈ ఏడాది ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మంగళవారం నుంచి నన్ను నిలవనీయనిది ఇదేనేమో.

ఆవేళ టీచరమ్మ ఇంటికి వెళ్ళేసరికి వాకిలి నిండా ఆడవాళ్ళు. ఎక్కువమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. గుమ్మం పక్కన ఒక పెద్దావిడ ఒంటరిగా నిలబడి ఉన్నారు, చేతిలో సంచీ. వరంగల్ అవతల ఒక పల్లె నుంచి వచ్చారట. ఆ ముందురోజే కొడుకింటికని పట్నం దిగారట. టీచరమ్మను చూద్దామని పొద్దున వస్తే ఈ కబురు.

"ఆమెకు మా ఊరి బడే మొదటి నౌకరి. నేను ఏడో తరగతి" అన్నారు. మెల్లగా మాట్లాడుతున్నారు. "ఎండకాలం సెలవులిచ్చే ముందురోజు ఇంగ్లీషు పాఠం చెప్పింది. 'వీ ర్యాన్ ఔట్ ఆఫ్ సాల్ట్' అంటే, ఉప్పు కోసం బయటికి ఉరికినం అని అర్థం చెప్పింది. మేం రాసుకున్నం. ఇండ్లకు పోయినం."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"ఓ పదిరోజులకు పోస్టు తెచ్చే ఆయన మా గల్లీల నిలబడి నా పేరు వట్టి పిలిచిండు. మా ఇంటికి అప్పటిదాంక ఒక్క కార్డు రాలే. కార్డు అంటే చావు కబురే అనుకునేటోళ్ళు. మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. బాపు కార్డు తీసుకొని నా చేతిల పెట్టిండు. ఇంట్ల చదువొచ్చినదాన్ని నేనే. వాకిట్ల నిలబడి గట్టిగ చదివిన. 'బిడ్డా, నేను మీకు తప్పు చెప్పిన. రన్ ఔట్ అంటే బయటికి ఉరికినమని కాదు. ఇంట్ల ఉప్పు ఒడిసింది, అయిపోయింది అని. దిద్దుకో' అని ఉన్నది. తరగతిల అందరికీ గట్లనే రాసిందట. నాకు గా సెలవులల్లనే పెండ్లి చేసిండ్రు, మల్ల బడికి పోలే. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం గదే."

"ఇంట్లో వాళ్ళు ఏమన్నారండీ?" అని అడిగాను.

"బాపుకు ఏం సమజ్ కాలే. గోడకు ఒరిగి కూసున్నడు. ఎవ్వరు చావలేదని చాలాసేపటికి నవ్విండు" అన్నారు ఆవిడ. "మా అమ్మ మాత్రం ఏడుపు ఆపి, కండ్లు తుడుచుకొని, లోపలికి పోయింది. ఏం చేస్తుందా అని నేనూ ఎనక పోయిన. వంటింట్ల చీకట్ల కూసొని, ఉప్పు కుండల మోచేతి దాంక చెయ్యి పెట్టి చూస్తున్నది."