ఆమె నంబరుకు ముందే జతైన వాచీ

2024 వేసవి. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు మీద ఉన్న ఒక టెలికాం కంపెనీ స్టోరుకు నేను మేనేజర్‌ని. సిమ్ కార్డులు అమ్మే చిన్న కౌంటర్‌లో మొదలుపెట్టి ఆ కుర్చీ దాకా వచ్చినదాన్ని. బిల్లు ఎక్కువొచ్చిందని పోట్లాడేవాళ్లను, పోయిన ఫోను నంబరు తిరిగి కావాలని కంగారుపడేవాళ్లను రోజూ చూస్తుంటాను కాబట్టి, ఈ పనిలో నన్ను కొత్తగా బెదరగొట్టేది ఏమీ లేదనుకునేదాన్ని. హేమలత వచ్చిన సాయంత్రం వరకు అలాగే అనుకున్నాను.

ఆమెకు ముప్ఫై లోపే ఉంటుంది. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని. కంపెనీ బస్సు దిగి నేరుగా వచ్చిందేమో, మెడలో ఐడీ కార్డు ఇంకా అలాగే ఉంది. రెండు పనుల మీద వచ్చానంది.

"సొంతంగా సిమ్ ఉండే వాచీ కావల్లక్కా. అది కొంటే ఉపయోగం ఉంటాదా, వట్టి దండగా? నిజం చెప్పు. ఇంకోటి, నా ఫోను సరిగా మోగడం లేదు. ఒకసారి మోగతాది, నేను ఎత్తే లోపల ఆగిపోతాది."

మొదటి ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. మామూలు స్మార్ట్ వాచీ బ్లూటూత్ మీద పనిచేస్తుంది. ఫోను జేబులోనో పక్క గదిలోనో ఉన్నంతసేపే దానికి ప్రాణం. సెల్యులార్ వాచీలో ఈ-సిమ్ ఉంటుంది, అంటే బయటినుంచి వేసే కార్డు కాకుండా లోపలే అమర్చిన సిమ్. ఫోను ఇంట్లో మరిచిపోయినా, స్విచాఫ్ అయినా, వాచీ తనంతట తాను నెట్‌వర్క్ అందుకుంటుంది. మన నంబరే దానికీ పనిచేస్తుంది. ఎవరైనా చేస్తే ఫోనూ మోగుతుంది, వాచీ కూడా మోగుతుంది. ఎక్కడ ఎత్తితే అక్కడ మాట్లాడొచ్చు. దీన్ని మేము నంబర్ షేరింగ్ అంటాం. దానికి ప్రతి నెలా అదనంగా కట్టాలి, ఛార్జింగ్ కూడా తొందరగా దిగిపోతుంది. ఫోను చేతిలోంచి కింద పెట్టని మనిషికి అదంతా ఎందుకు? అందుకే అడిగినవాళ్లలో ఎక్కువమందికి వద్దనే చెబుతాను. ఒక హోటల్ యజమాని నా మాట వినకుండా కొని, టైము చూసుకోవడానికి తప్ప వాడలేదని తరువాత తనే నవ్వుతూ చెప్పాడు. తెల్లవారుజామున పరుగుకు వెళ్తూ ఫోను ఇంట్లో వదిలేసేవాళ్లకు మాత్రం తీసుకోమంటాను.

హేమలతను కూడా అదే అడిగాను. "ఫోను దగ్గర లేకుండా ఎక్కువసేపు ఉంటావా అమ్మా?"

"ఫ్యాక్టరీలో గేటు దగ్గరే లాకర్లో పెట్టేయల్ల. వాచీ కూడా లోపలికి రానీరు. దానికోసం కాదక్కా." పక్క కౌంటర్లో ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది. "మా ఆయన్ని వదిలేసి వచ్చినాను. ఆయనది నగరి. నేను ఈడ మా అన్న కాడ ఉంటా ఉండాను. యాడికి పోయినా ముందే వచ్చి నిలబడతాడు. గుడికి పోతే గుడి కాడ, ఫ్రెండు ఇంటికి పోతే ఆ వీధి మలుపులో. పోయినసారి బస్టాండులో చెయ్యి మెలిపెట్టి ఫోను లాక్కున్నాడు. జనం చేరినారని పడేసి పోయినాడు. ఫోను లాక్కుంటే నేను ఎవురికీ చెయ్యలేను కదా. వాచీ అయితే చెయ్యి కిందకి దించుకునైనా నొక్కొచ్చని."

నా దగ్గర ఉన్న సమాధానం అప్పుడే మారిపోయింది. ఫోను లాక్కుని ఆపేసినా వాచీ కాల్ చేస్తుంది. ఇలాంటి మనిషికి అది దండగ కాదు. "నీకు మాత్రం ఉండాల్సిందే" అన్నాను. మా దగ్గర ఉన్న వాటిలో చిన్న డయల్ ఉన్నది తీసి, అత్యవసర కాల్ ఎలా వెళుతుందో చూపించాను. చుడీదార్ చెయ్యి దాని మీదికి లాక్కుని, బయటికి కనబడకుండా నొక్కడం తనే నేర్చుకుంది. ఆమె ముఖంలో కొంచెం తేలిక కనబడింది.

ఫోను ఎందుకు ఆగిపోతోందో ఈలోపు చూద్దామని కాల్ లిస్టు తెరిచాను. మోగి ఆగిపోయిన కాల్స్ అని ఆమె చూపించినవేవీ మిస్డ్ కాల్స్‌గా లేవు. ఎత్తి మాట్లాడినట్లు ఉన్నాయి. ఒక్కోదాంట్లో కాసేపు మాట నడిచినట్లే ఉంది.

"ఈ నంబరు ఎవరిది?"

"మా ఆయన మీద కేసు చూసే లాయరమ్మది. నేను యాడ మాట్లాడినాను? మోగింది, ఎత్తబోతే పోయింది. తిరిగి చేస్తే ఆమె కోపంగా, 'కేసు వద్దని మీ ఇంట్లో వాళ్లే చెప్పినారు గదమ్మా, మళ్లీ ఎందుకు చేస్తావు' అనింది. ముందు ఆమె రాంగ్ నంబరుకేమైనా చేసిందేమో అనుకున్నా."

నాకు అప్పటికింకా ఏమీ అర్థం కాలేదు. సిస్టంలో తప్పు ఉందేమో అనుకుని, వాచీకి ఆమె నంబరు జతచేసే రిక్వెస్ట్ పెట్టాను. వెంటనే తిరగ్గొట్టింది. కారణం చదివి మళ్లీ చదివాను. ఈ నంబరుకు ఇప్పటికే ఒక వాచీ జతై ఉందని తెర మీద ఉంది.

"నీకు ఇంతకు ముందే వాచీ ఉందా?"

"లేదక్కా. ఉంటే ఎందుకొస్తాను?"

నంబరు తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. అదే మాట. అప్పుడు ఆమె ఫోను తీసుకుని వెతికాను. చివరి పేజీలో, ఎవరూ తెరవని యాప్‌లన్నీ తోసిపెట్టిన ఒక ఫోల్డర్‌లో వాచీ యాప్ ఉంది. తెరిస్తే నల్లటి వాచీ బొమ్మ, కింద 'హేమలత వాచ్' అని పేరు. కనెక్ట్ అయి ఉంది. కాల్స్, మెసేజ్‌లు, వాట్సాప్, క్యాలెండర్, అన్నీ అక్కడికి వెళ్లేలా పెట్టి ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. ఈ ఫోనుకు వచ్చే ప్రతి మాట ఇంకెవరి మణికట్టు మీదికో వెళుతోంది. మామూలు బ్లూటూత్ వాచీ అయితే ఆ మనిషి ఈ ఫోనుకు దగ్గర్లోనే ఉండాలి. ఇది సెల్యులార్ వాచీ. ఊళ్లో ఎక్కడున్నా, ఊరు దాటినా, అన్నీ చేరుతూనే ఉంటాయి. నేను కొద్దిసేపటి క్రితం ఈమెకు గొప్పగా చెప్పిన సౌకర్యం అదే.

అది ఆమెకు చెప్పాను. "మా ఆయనేనా?" అంది. వెంటనే తనే, "కాదు. ఈ ఫోను ఆయన ముట్టుకోలే. బస్టాండులో పడేసినప్పుడు ఒక్క నిమిషమే ఆయన చేతిలో ఉండింది" అంది.

"అంత కొద్ది సేపట్లో ఇది కుదరదమ్మా. ఫోను లాక్ తెలియాలి, ఓటీపీ కావాలి. ఈ ఫోను ఎవరు సెట్ చేశారు?"

"మా అన్న. నేను వచ్చేసినాక కొనిచ్చినాడు. బిల్లు గూడా ఆయనే కడతాడు." చెబుతూ చెబుతూ ఆమె నావైపు చూసింది. "మా అన్న అట్లాంటోడు కాదక్కా. నన్ను నగరి నుంచి పిల్చుకొచ్చిందే ఆయన" అంది.

ఆ జత నిజంగా పనిచేస్తోందా, పాతది ఏదో అలా ఉండిపోయిందా తెలుసుకోవడానికి మాకు ఒక మామూలు పద్ధతి ఉంది. స్టోరు ఫోను నుంచి కస్టమర్ నంబరుకు చేసి చూస్తాం. "నేను చేస్తాను, నువ్వు ఎత్తొద్దు" అని చెప్పి స్పీకర్ ఆన్ చేసి నంబరు కలిపాను. కౌంటర్ మీద ఆమె ఫోను మోగింది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. మోగుతూ మోగుతూ దానంతట అదే ఆగిపోయింది. ఆ వెంటనే నా ముందున్న స్పీకర్‌లోంచి ఒక మగ గొంతు పలికింది.

"హలో, ఎవురండీ? లాయర్ ఆఫీసు నుంచేనా?"

ఆ గొంతు మర్యాదగానే ఉంది, అదే నన్ను ఇంకా భయపెట్టింది. "హేమ ఆ కేసు వద్దనుకునింది మేడం. ఆమె బస్సులో ఉండాది. ఇంక ఈ నంబరుకు చెయ్యద్దండి" అన్నాడు.

హేమలత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి, గాలిలా, "మా అన్న" అంది.

నేను కాల్ కట్ చేయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, స్పీకర్ దగ్గరికి వంగింది.

"అన్నా, నేను."

అవతలినుంచి ఏదో యంత్రం శబ్దం, ఎవరో బేరం ఆడుతున్న మాటలు వినబడ్డాయి. ఆయనకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉందని తరువాత తెలిసింది. గొంతు తగ్గించి, "పాపా... యాడుండావు నువ్వు?" అన్నాడు.

"అదొకటి తెలీకపోయిందా నీకు?" అంది హేమలత. ఆమె గొంతు వణకలేదు. మా స్టోరు ఎక్కడుందో చెప్పి, రమ్మని కాల్ కట్ చేసింది.

ఆయన దుకాణం దగ్గర్లోనే ఉన్నట్టుంది, కాసేపటికే వచ్చేశాడు. పేరు మునిశేఖర్. నలభై దగ్గర పడుతున్న మనిషి, చొక్కా మీద సున్నం మరకలు, ఎడమ చేతికి నల్లటి వాచీ. దాన్ని దాచుకోవాలని కూడా తోచలేదు ఆయనకు. తెరమీద బొమ్మగా చూసిన వస్తువు ఇప్పుడు మనిషి చేతికి కనబడింది.

"ఎందుకు చేసినావు?" అంది ఆమె, కూర్చోమనకుండా.

"నేనేమన్నా పరాయోడినా? నీ మంచికే గదా" అన్నాడు. "కోర్టుకు పోతే ఇంక కలిసేదుండదు. ఒకసారి ఇద్దురూ కూసోని మాట్లాడుకుంటే సరిపోతాదని మీ ఆయన నా కాడ ఏడ్చినాడు. నువ్వు కలవనంటివి. నువ్వు యాడికి పోతావో చెప్తే అట్లయినా మాట్లాడతాడని చెప్పినా."

"బస్టాండులో గూడా నువ్వే చెప్పినావా?"

ఆయన తల దించుకున్నాడు.

"చెయ్యి మెలిపెట్టినాడన్నా అని ఆ పొద్దు ఇంటికొచ్చి నీ ముందరే కదా ఏడ్చినాను. వేన్నీళ్లతో కాపడం పెట్టింది నువ్వే కదా!"

"కొడతాడని నాకేం తెలుసు పాపా?"

"తెలిసినాక?"

నేను ఆయన ముఖమే చూస్తున్నాను. చెడ్డవాడి ముఖం కాదు అది. చేసింది తప్పని అప్పటికీ పూర్తిగా నమ్మని ముఖం. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. మెల్లగా వాచీ విప్పి కౌంటర్ మీద పెట్టాడు. పెట్టీ పెట్టగానే అది వెలిగింది. ఆమెకు ఏదో మెసేజ్ వచ్చింది. ఆమె ఫోనూ, ఆ వాచీ ఒకేసారి సన్నగా అదిరాయి. హేమలత అప్పుడు ఏడ్చింది.

జతను వెంటనే తీసేయమంటావా అని అడిగాను. నా వేళ్లు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. కానీ తీసేస్తే ఆనవాలు కూడా పోతుంది. అందుకే ముందు లాయర్‌కు ఫోను చేయమన్నాను, స్టోరు ఫోను నుంచే. ఆవిడ చెప్పినట్లు ప్రతి స్క్రీన్‌నీ ఫొటో తీశాం. కాల్ లిస్టు, జతైన వాచీ పేరు, ఏమేమి వెళుతున్నాయో అన్నీ. మునిశేఖర్ అడ్డు చెప్పలేదు. గోడకు ఆనుకుని నిలబడి చూశాడు. సిమ్ ఆమె పేరు మీదే ఉంది కాబట్టి, ఆమె గుర్తింపు కార్డు తీసుకుని నంబర్ షేరింగ్ ఆపించాను. ఫోను మొత్తం చెరిపి, కొత్త పాస్‌వర్డ్‌తో మొదటినుంచి సెట్ చేశాం. అది చేస్తుండగా ఆయన ఎప్పుడు వెళ్లిపోయాడో మాకు తెలియలేదు.

ఆమె ఆ రోజు అన్న ఇంటికి వెళ్లలేదు. ఫ్యాక్టరీకి దగ్గరని సత్యవేడులో గది తీసుకుని ఉంటున్న తోటి ఉద్యోగిని ఒకరు వచ్చి తీసుకెళ్లారు. వాచీ కూడా కొనలేదు. "ఇప్పుడు దాన్ని చేతికి పెట్టుకోలేనక్కా" అంది. బలవంతపెట్టాలనిపించలేదు.

కొన్ని నెలల తరువాత ఒక ఆదివారం మళ్లీ వచ్చింది. లాయర్ ఆ ఫొటోలన్నీ కేసులో పెట్టారట. మహిళా పోలీసులు భర్తను పిలిచి గట్టిగా హెచ్చరించాక వెంటపడడం ఆగిందట. కేసు ఇంకా నడుస్తోంది. అన్న మీద మాత్రం ఫిర్యాదు ఇవ్వలేదు. "అన్నతో మాట్లాడతావా?" అని అడిగాను. "వదిన చేస్తే మాట్లాడతాను. ఆయన ఫోను తీసుకుంటే క్షేమం అడుగుతాను. యాడుండేది మాత్రం చెప్పను" అంది.

ఆ రోజు వాచీ కొనుక్కుంది, సొంత సిమ్ ఉన్నదే. జత చేయడం తనే మొదలుపెట్టింది. ఎక్కడైనా ఆగితే నన్ను అడిగింది. ఓటీపీ వచ్చినప్పుడు ఫోను గుండెలకు ఆనించుకుని చదువుకుంది. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు నేను ముఖం అవతలికి తిప్పుకున్నాను.

ఇప్పటికీ స్టోరుకు వచ్చి, "సిమ్ ఉన్న వాచీ ఉపయోగమా, దండగా?" అని అడిగేవాళ్లుంటారు. ఛార్జింగ్ గురించీ, నెలవారీ ప్లాన్ గురించీ చెప్పడం ఇప్పుడు తరువాతి మాట. ముందు మూడు సంగతులు కనుక్కుంటాను. ఫోను దగ్గర లేని వేళ మీకు నిజంగా ఉందా, మీ ఫోనును మొదట సెట్ చేసింది ఎవరు, దాని పాస్‌వర్డ్ మీకు తెలుసా. మూడోదానికి చాలామంది నవ్వుతూ, "మా వాళ్లే చూసుకుంటారు మేడం, నాకేం తెలీదు" అంటారు. అప్పుడు వాచీ పెట్టె తెరవకుండా పక్కన పెట్టి, "ముందు మీ ఫోను ఇలా ఇవ్వండి, చివరి పేజీ దాకా ఇద్దరం కలిసి చూద్దాం" అంటాను. మనుషుల్ని అనుమానించమని నేను ఎవరికీ చెప్పను. ప్రేమతో సెట్ చేసిచ్చిన ఫోనైనా సరే, అందులో ఏముందో దాన్ని వాడే మనిషికి తెలిసి ఉండాలి. అది నాకు హేమలత వల్ల తెలిసింది.