ఓర్వకల్లు గుట్టల్లో పరుగు, ఆపైన మేకల కాపలా

కొండదారుల్లో పరుగెత్తడం ఇక చాలు అని నాకు నేను చెప్పుకోవడం ఇది నాలుగోసారి. పోయిన ఏడాది వానల తర్వాత ఇదే ఓర్వకల్లు రాళ్ల మీద జారిపడి ఎడమ చీలమండ బెణికింది. ఆరు వారాలు కట్టుతో కుంటుకుంటూ బ్యాంకు ఉద్యోగానికి వెళ్లాను. ఆ తర్వాత కర్నూలు స్టేడియంలో రౌండ్లు కొట్టడం మొదలుపెట్టాను. చదునైన నేల, చేతికందే నీళ్లు, అన్నీ ఉన్నా నాలుగో రౌండుకే విసుగు పుట్టేది. ఇంట్లో కూర్చుంటే కాలు ఊగుతూనే ఉండేది, అన్నం తినేటప్పుడు కూడా. జనవరి చివరి శనివారం మావారు అది చూసి, "పోయొస్తే పోయిరా, ఆ కాలు ఊపేది మాత్రం ఆపు" అన్నారు.

ఆదివారం పొద్దున ఐదున్నరకు కర్నూలు బస్టాండులో నంద్యాల బస్సు ఎక్కాను. టికెట్ నలభై రూపాయల లోపే, ముప్పావు గంటలో ఓర్వకల్లు. రాళ్లు చూడడానికి వచ్చేవాళ్లు ముందు వైపు వెళతారు. నాకు జనం లేని వెనక గుట్టలు కావాలి. స్టాపులో ఉన్న ఆటో డ్రైవరు ఖాజా, తొమ్మిదింటికి మళ్లీ వచ్చి తీసుకెళ్లేటట్టు రెండువందల యాభైకి ఒప్పుకున్నాడు.

"ఆడ ఏముండాదక్కా? రాళ్లే కదా" అన్నాడు.

"పరుగెత్తడానికి, అన్నా."

"దానికి మంచి తార్రోడ్డు ఉండాది కదక్కా!"

వెనక గుట్టల దగ్గర ఆటో ఆపాడు. అతని నంబరు తీసుకుని దిగాను.

మొదటి కిలోమీటరంతా తిట్టుకుంటూనే సాగింది. బూట్లలోకి గరుసు, మేజోళ్లకు పల్లేరు కాయలు, పక్కనుంచి కంపచెట్ల గీతలు. ఎందుకొచ్చానురా దేవుడా అనుకుంటుండగా పొడవైన రాతిపలక వచ్చింది. దాని మీద అడుగులు వాటంతటవే పడ్డాయి, ఊపిరీ కాళ్లూ ఒక లయలో కలిశాయి. ఇదంతా ఆ రెండు నిమిషాల కోసమే. పలక అయిపోగానే మళ్లీ గరుసు, మళ్లీ తిట్లు.

గుట్ట నడుమ ఒకామె మేకలు మేపుతోంది. ఆమెకు అరవై ఏళ్లు దాటి ఉంటాయి. నన్ను చూసి నా వెనక్కి తొంగి చూసింది.

"ఎవరు తరుముకొస్తాండారు పాపా?"

"ఎవరూ లేరు పెద్దమ్మా. ఊరికే."

"ఊరికే ఎవరన్నా పరిగెత్తుతారా!" అని పకపకా నవ్వింది. పేరు సువార్తమ్మ. కోడలు పిల్లల్ని తీసుకుని చర్చికి పోయిందట, అందుకే ఆ రోజు మేకలు ఆమె వంతుకు వచ్చాయి.

ఇంకో మూడు కిలోమీటర్లు పోయి వెనక్కి తిరిగాను. ఏడూ నలభై ఐదుకు ఆ చోటికి వచ్చేసరికి సువార్తమ్మ కేక వినపడింది. రాళ్ల సందులో ఇరుక్కున్న మేకపిల్లను తీయబోతే కాలికింది రాయి దొర్లిందట. చీలమండ అప్పటికే ఉబ్బిపోయింది, అడుగు మోపనివ్వడం లేదు. నా ఫోనుకు సిగ్నల్ లేదు. నా దగ్గరున్న నీళ్లన్నీ ఆమెకిచ్చి, టోపీ తలకు పెట్టాను.

"పోయి ఆటో పిలుచుకొస్తా పెద్దమ్మా."

"పరిగెత్తాకు పాపా. నువ్వూ పడితే ఇద్దరమూ ఈడనే."

ఆమె చెప్పింది నిజమే. దిగుడంతా రాయి రాయికీ చేయి ఆనించుకుంటూ నడిచాను. అంత నెమ్మదిగా నేనెప్పుడూ ఆ గుట్ట దిగలేదు. పరుగెత్తమని ఒళ్లంతా పోరుపెడుతుంటే పళ్లు బిగబట్టి నడిచాను. చదును తగలగానే బండిబాట మీద ఊపిరి అందనంత వేగంగా పరుగెత్తాను. సిగ్నల్ వచ్చింది. ఖాజా పావుగంటలో ఇద్దరు మనుషుల్నీ ఒక నులకమంచాన్నీ వేసుకుని వచ్చాడు.

పైకెళ్లి మంచం దించితే సువార్తమ్మ ఎక్కనంది.

"మేకల్ను ఎవరు సూస్తారు? పద్నాలుగు ఉండాయి. ఇడిసిపెట్టి నేను రాను."

ఖాజా నా వైపు చూశాడు. మంచం మోయడానికి ముగ్గురూ కావాలి.

"నేనుంటాలే" అన్నాను. ఆమెను ఆసుపత్రిలో చేర్చి కోడలికి కబురు చేస్తామంటూ ముగ్గురూ మంచం ఎత్తారు.

రెండున్నర గంటలు! ఎండ ఎక్కుతోంది, చుక్క నీళ్లు లేవు. కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. లెక్కపెడితే ఒకసారి పదమూడు, ఒకసారి పదిహేను వచ్చాయి. ఇంతలో ఒక మేక కిందనున్న శనగ చేనికేసి ఉరికింది. దాని వెనకే మిగతావి. నేను రాళ్ల మీదుగా అడ్డంగా దూకుతూ పోయి చేను గట్టు దగ్గర వాటిని ఆపాను. ఆపాకగానీ తెలియలేదు, పోయిన ఏడాది నేను పడింది ఆ వాలు మీదే.

పదకొండు దాటాక కోడలు వచ్చింది, చర్చి చీరలోనే, చేతిలో నీళ్ల బిందెతో. ముందు మేకల్ని లెక్కపెట్టుకుంది. "అన్నీ ఉండాయి" అని అప్పుడు నాకు నీళ్లు పోసింది.

"ఎముక చిట్లిందంటక్కా. ఆపరేషన్ అక్కర్లేదంట, పిండికట్టు ఏస్తాండారు. ఆరు వారాలు కదలకూడదంట. ఆ మనిషి ఎట్ల కూసుంటాదో ఏమో!"

ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే పై ఆదివారం బత్తాయిలు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. సువార్తమ్మ అరుగు మీద కాలు చాపుకుని, వీధిలో పోయే ప్రతి మేకనూ పేరుపెట్టి అదిలిస్తోంది. "ఈడ కూసోలేకుండా ఉండా పాపా, సచ్చిపోతాండా" అంది. ఇద్దరం గంటసేపు కదలకుండా కూర్చున్నాం. కుదురుగా ఉండలేని మనిషిని అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. కొండదారి పరుగు నాకిష్టమో కసో ఇప్పటికీ తేలలేదు. తేలేవరకు ఆగాలని మాత్రం ఇప్పుడు అనిపించడం లేదు. కాలు బాగయ్యాక జారని దారి చూపిస్తానంది ఆమె. అప్పటిదాకా వెళ్తూనే ఉంటాను, తిట్టుకుంటూనే.

మీరూ ఆ వెనక గుట్టలకు వెళితే రెండు సీసాల నీళ్లు తీసుకెళ్లండి. ఒకటి మీకు. రెండోది ఎవరికి అవసరమవుతుందో బయల్దేరేటప్పుడు తెలియదు.