ట్రాక్ సింగర్ వాసంతి

వాసంతి పాడిన పాటలు మీరు చాలానే విని ఉంటారు. ఆమె గొంతు మాత్రం ఒక్కసారి కూడా విని ఉండరు. ఆమె ట్రాక్ సింగర్. పెద్ద గాయని వచ్చేలోగా పాట ఎలా ఉంటుందో తెలియడానికి ముందుగా ఎవరో ఒకరి చేత పాడించి పెట్టుకుంటారు. దాన్నే ట్రాక్ అంటారు. పెద్దావిడ వచ్చి, అది విని, నేర్చుకుని, పాడి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ట్రాక్ చెరిపేస్తారు. ఇందులో అన్యాయమేమీ లేదని అందరూ అంటారు. అనేవాళ్లలో ట్రాక్ పాడేవాళ్లు ఎవరూ ఉండరు.

పగలు ఆమె హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. సాయంత్రం మాదాపూర్ సందుల్లోని స్టూడియోలకు వెళ్లేది. పేరుకు స్టూడియోలు గాని, గోడలకు స్పాంజి అంటించిన రెండు గదుల ఫ్లాట్లు. పాటలు రాసుకునే నాకు ఆమె అక్కడే పరిచయం. ట్రాక్‌లో భావం ఎక్కువైతే పెద్ద గాయనులకు నచ్చదు, తమ దారికి అడ్డమని విసుక్కుంటారు. అందుకని శ్రుతి తప్పకుండా, తాళం తప్పకుండా, గమకం వెయ్యకుండా, ఇస్త్రీ చేసిన బట్టలా పాడటం వాసంతి అలవాటు చేసుకుంది. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడంతోనే సరిపెట్టారు.

ఇంట్లో ఆ మెచ్చుకోలు కూడా లేదు. నిజాంపేటలో ఆమె, తల్లి అమ్మణ్ణి గారు ఇద్దరే ఉంటారు. అమలాపురం నుంచి వచ్చిన అమ్మణ్ణి గారికి పాత రేడియో పాటలంటే ప్రాణం. అందులోనూ ఎప్పుడో పోయిన గాయని సరసాంబ అంటే మరీను. కూతురు సాధన మొదలుపెట్టగానే ఆవిడ వంటింట్లోంచి, "ఏడ్చినట్టుంది. సరసాంబ కాలిగోటికి సరిపోతావుటే నువ్వు?" అనేది. ఇంటికి వచ్చినవాళ్ల ముందు కూడా అనేది. నా ముందు అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. వాసంతి మాత్రం నవ్వేసి కాఫీ తెచ్చింది.

ఆమెకు ఉన్న కోరిక ఒక్కటే. తన గొంతుతో, తన పేరుతో ఒక పాట బయటికి రావాలి, దాన్ని అమ్మకు వినిపించాలి. "అమ్మ బాగుందని అననక్కర్లేదండీ. విన్నాక కాసేపు ఏమీ అనకుండా ఉంటే చాలు," అని నాతో ఒకసారి చెప్పింది.

ఆ అవకాశం అనిల్ వల్ల వచ్చింది. అనిల్ కరీంనగర్ నుంచి వచ్చిన సంగీత దర్శకుడు. పాతకాలపు లలిత గీతం బాణీ కట్టి, వీణ, తబలా పెట్టి, వాటి కింద డ్రమ్ మెషిన్ బీటు, కడుపులో మోగే బేస్ వేస్తాడు. ఇప్పుడు అదే ఫ్యాషన్. తాతల నాటి పాటే కావాలి, కాని తాతలు విన్నట్టు ఉండకూడదు. మాటలు నేను రాశాను.

"అక్కా, ఈ పాట నీదే. ట్రాక్ గాదు. ఫైనల్‌ల నీ గొంతే ఉంటది, పేరు గూడ పడ్తది," అన్నాడు అనిల్.

రికార్డింగు రోజు వాసంతి ఆఫీసుకు సెలవు పెట్టి పట్టుచీర కట్టుకుని వచ్చింది. మైకులో చీర గరగర వినబడుతోందని అనిల్ ఆమెను కదలకుండా నిలబడమన్నాడు. ఆమె చేతులు రెండూ ఒంటికి ఆనించుకుని, చెవుల్లో కొట్టే తాళం క్లిక్కుకు సరిగ్గా, ఎక్కడా తప్పు లేకుండా పాడింది.

"మంచిగుందక్కా. గని గిది ట్రాక్ లెక్కనే ఉంది. జర నీ లెక్క పాడు."

మళ్లీ పాడింది. మళ్లీ అలాగే వచ్చింది.

"నీకు ఎట్లనిపిస్తే గట్ల చెయ్యి. గుంజు, ఆపు, ఏడువు, నీ ఇష్టం."

మూడోసారి చరణం మధ్యలో ఆగిపోయింది. "ఎవరిలా పాడమంటావో చెప్పు అనిల్, అలా పాడతాను," అంది.

"ఎవ్వరి లెక్క వద్దక్కా. నీ లెక్క."

ఆమె మైకు గది అద్దం అవతల నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తనలా పాడటమంటే ఎలాగో ఆమెకు నిజంగా తెలియదు. ఇన్నేళ్లు ఎవరికోసమో ఖాళీ వదిలి వదిలి, తన సొంత పాటలో కూడా ఖాళీ వదిలేసి పాడింది. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ విరవాలో అంతా రాబోయే మనిషికి అట్టిపెట్టింది. రాబోయే మనిషి ఎవరూ లేరు. నాకు జాలి కన్నా ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను.

అనిల్ తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాతి వారం దారి కనిపెట్టాడు. సరసాంబ మనవల దగ్గర అనుమతి తీసుకుని, ఆవిడ పాత రికార్డులన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌కు వినిపించి ఆ గొంతు నేర్పించాడు. వాసంతి పాడినదాని మీద ఆ గొంతు కప్పి, ఆవిడ గమకాలు తెచ్చి అతికించి, పైన పాత టేపు గరగర చల్లాడు. మమ్మల్ని పిలిచి వినిపించాడు.

"చూడక్కా, ఎంత మంచిగ కూసుందో! నీ గొంతు మీద ఎవ్వరి గొంతైనా అతుకుతది. గిసొంటి గొంతు ఇంకెక్కడ దొరకలే నాకు."

మెచ్చుకోలుగానే అన్నాడు, పాపాత్ముడు.

"మరి వాసంతి పేరు?" అన్నాను.

"సరసాంబ పేరుంటేనే జనం ఇంటరన్నా. అక్కకు కింద థాంక్స్ ఏస్త, ఫికర్ జెయ్యకు." వెయ్యలేదు.

వాసంతి, "బీటు బాగుంది," అని బ్యాగు సర్దుకుంది.

పాట బాగా పాకింది. షేర్ ఆటోల్లో మోగింది. ఆఫీసులో వాసంతి పక్క సీటు అమ్మాయి అది చెవుల్లో పెట్టుకుని, ఈ రోజుల్లో ఇలా పాడేవాళ్లు ఏరీ అని వాసంతినే అడిగిందట.

ఒక ఆదివారం ఉదయం నేను నిజాంపేట వెళ్లాను. అమ్మణ్ణి గారు చిక్కుడుకాయలు తుంచుతోంది. వాసంతి ఎవరి పాటో చెప్పకుండా ఫోను తల్లి ముందు పెట్టి పాట వేసింది. బీటు వినగానే ఆవిడ ముఖం చిట్లించింది. గొంతు మొదలవగానే చేతిలోది పళ్లెంలో వదిలేసింది. పాట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక చాలాసేపు ఏమీ అనకుండా కళ్లు తుడుచుకుంది.

"సరసాంబే! ఇన్నాళ్లూ ఎక్కడ దాచారే ఈ పాట?"

"నేను పాడానమ్మా. నా పాట మీద ఆవిడ గొంతు వేశారు."

అమ్మణ్ణి గారు నా వైపు తిరిగి నవ్వింది. "విన్నారటండీ దీని మాట?"

"నిజమేనండీ. నేను అక్కడే ఉన్నాను," అన్నాను.

"అలాగా? అయితే పాడవే, వింటాను."

వాసంతి లేచి నిలబడింది. చేతులు ఒంటికి ఆనించుకుని పల్లవి ఎత్తుకుంది. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. నేను రాసిన మాటలన్నీ ఒక్కొక్కటే శుభ్రంగా బయటికి వస్తున్నాయి, వాటిలో మనిషి లేదు. నేను తల ఎత్తలేకపోయాను.

చరణం కూడా రాకముందే అమ్మణ్ణి గారు చాలు చాలని చెయ్యి ఊపి, ఫోను కూతురి వైపు జరిపింది.

"మళ్లీ పెట్టు. మధ్యలో నువ్వు పాడకు."