శైలజక్క రేపు వస్తుందని చెప్పాను

ఎండాకాలంలో మా ఊరి బడి తాళం తీయడం నేను మొదటిసారి చూసింది ఆరో తరగతి అయిపోయాక... ధర్మాబాద్ తాలూకా కర్ఖేలి మాది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ.

తాళం తీయించింది శైలజక్క. అప్పట్లో నాందేడ్‌లో పనిచేస్తున్న తెలుగు రైల్వే ఉద్యోగి కూతురు. స్కూల్ ఎక్స్‌ఛేంజ్‌లో ఏడాది పాటు జపాన్‌లో చదివి వచ్చింది. అట్లా వెళ్లి వచ్చినవాళ్లు సెలవుల్లో పల్లెటూరి పిల్లలకు ఏదైనా నేర్పాలని వాళ్లలో ఒక కట్టుబాటు. మాకు పది రోజుల శిబిరం పెట్టింది. బడిలో మాతో తెలుగు మాట్లాడిన మొదటి మనిషి ఆమే...

మొదటి రోజే చీపురు పట్టింది. జపాన్ బళ్లలో పిల్లలే ఊడ్చుకుంటారట. నా పక్కన కూర్చునే గంగమణి నోరు ఊరుకోలేదు.

"మా అమ్మ దినాం నాలుగిండ్లు ఊడుస్తది అక్కా. జపాన్ పోకుండనే నేర్సుకున్నది."

శైలజక్క చీపురు పక్కన పెట్టి, కింద కూర్చుని మరీ నవ్వింది. ఆ రోజు నుంచి గంగమణి అంటే ఆమెకు ప్రాణం.

గంగమణికి తండ్రి లేడు. తల్లి సాయవ్వ కూలికి పోయేది, ఇళ్లలో పని చేసేది. చదువులో అది నాకంటే ఎంతో ముందు. అక్క నేర్పిన జపాన్ మాటలు నాకు నాలుగు వస్తే దానికి నలభై వచ్చాయి... మేకలను కూడా ఆ భాషలోనే అదిలించేది.

ఆఖరి రోజు అక్క దాన్ని దగ్గరికి పిలిచింది. "బడి ఇడ్వకు గంగమణీ. వచ్చే ఎండకాలం మళ్ల వస్త. నువ్వు గూడ జపాన్ ఎట్ల పోవాల్నో, ఏ పరీక్ష రాయాల్నో అన్నీ చెప్త."

"ఏ దినం వస్తవు?"

"ఒకటో తారీఖు జెండా అయినంక."

మే ఒకటి మా రాష్ట్రం ఏర్పడిన దినమని మా బళ్లో జెండా ఎగరేసి రిజల్ట్ ఇస్తారు. మరుసటి ఏడు ఆ తెల్లారి నుంచే గంగమణి ఫాటా దగ్గర నిలబడింది. పెద్ద రోడ్డు మీంచి మా ఊరికి తిరిగే మలుపు అది. చెట్టు లేదు, షెడ్డు లేదు... నేనూ నాలుగు రోజులు నిలబడి విసుగొచ్చి మానేశాను. అది మానలేదు.

పన్నెండో రోజు... నాకు ఆడుకోవడానికి తోడు లేదు. ఫాటా దగ్గరికి వెళ్లి చెప్పాను.

"ఈ దినం రాదంట. రేపు మధ్యాన్నం బస్సుకు వస్తదంట. మన బడి గురూజీ చెప్పిండు."

"నిజంగ, రేణుకా?"

"ఒట్టు."

ఎంత సంబరపడిందో... ఆ రోజంతా మా వసారాలో కచ్చకాయలు ఆడాం. ఒక్క ఆట కూడా అది ఓడిపోలేదు.

తెల్లారి నేను అమ్మతో బిలోలిలో పెళ్లికి వెళ్లిపోయాను. ఆడిన అబద్ధం గుర్తు కూడా లేదు.

మూడో రోజు తిరిగి వస్తే వాకిట్లోనే నాయనమ్మ చెప్పింది. ఒక బస్సు పోతే ఇంకో బస్సులో వస్తుందేమోనని గంగమణి ఎండలో అట్లాగే నిలబడిందట. అక్కడే పడిపోయింది. ధర్మాబాద్ దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. వడదెబ్బ అన్నారు.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తర్వాత నాన్న నన్ను నాందేడ్ హాస్టల్లో చేర్పించాడు. కాలేజీలో ఉండగా నేనూ ఎక్స్‌ఛేంజ్‌కు ఎంపికై, ఏడాది బయటి దేశంలో చదివొచ్చాను. ఇప్పుడు ప్రతి వేసవిలో భోకర్ చుట్టుపక్కల ఊళ్లలో శిబిరాలు పెడుతుంటాను. హాజరు పిలుస్తుంటే, పేర్లన్నీ అయిపోయాక ఇంకొక పేరు మిగిలినట్టు నోరు తెరుచుకునే ఉంటుంది... పిల్లలు నవ్వుతారు. దారిలో ఏ మలుపు దగ్గరైనా ఆడపిల్ల ఒంటరిగా నిలబడి కనిపిస్తే బస్సులో తల తిప్పుకుంటాను. తిప్పుకున్నా కనిపిస్తుంది.

పోయిన ఏడు నాందేడ్‌లో, అట్లా వెళ్లి వచ్చినవాళ్లమంతా కలిసినప్పుడు శైలజక్క ఎదురైంది. నన్ను గుర్తుపట్టింది. అప్పుడు తండ్రికి బదిలీ అయిందట. రాలేనని గురూజీకి ఫోన్ చేసి చెప్పిందట. గురూజీ సెలవులకు తన ఊళ్లో ఉన్నాడు... మాదాకా ఆ మాట రాలేదు.

"గంగమణి ఎట్లున్నది? ఏం చదివింది?" అని అడిగింది.

"మంచిగున్నది అక్కా" అన్నాను.

గంగమణి విషయంలో నేనాడిన రెండో అబద్ధం అది.

ఇక ఉండబట్టలేక ఈ మే నెలలో సాయవ్వ దగ్గరికి వెళ్లాను. ఇంటి ముందు కూర్చుని చింతపండు కొడుతోంది. అంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకెరికే బిడ్డా. రేణుక చెప్పిందని పొద్దుగాల్నే చెప్పింది. తల నేనే దువ్విన. రొట్టె గట్టిన. జల్ది పో, అక్క ఎదురుసూస్తది అని నేనే తోలిన..."

కాసిని చింతకాయలు నా ముందుకు తోసి మళ్లీ అంది. "ఇన్నేండ్లు నువ్వొస్తవని సూసిన. దాని సంగతి మాట్లాడెతందుకు నాకు ఇంకెవ్వలున్నరు?"

పొద్దు వాలేదాకా ఇద్దరం చింతపండు కొట్టాం. ఆమె చెబుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను...

ఇప్పుడు శిబిరం ఒక రోజు అటూ ఇటూ అయితే నిమిషంలో అందరి ఫోన్లూ మోగుతాయి. ఎండలో నిలబడి ఎదురుచూడాల్సిన పని లేదు. అయినా ఆఖరి రోజు పిల్లలు "మళ్ల ఎప్పుడొస్తవు అక్కా?" అంటే "తెల్వది" అనే చెప్తాను. వాళ్లకు నచ్చదు.

శైలజక్కా... ఇక్కడ నా రాతలు చదువుతావని తెలుసు. నీ ముఖం చూసి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. గంగమణి ఎనిమిదో తరగతి చూడలేదు. తప్పు నీది కాదు. వీలైతే ఒకసారి రా, సాయవ్వ నిన్ను చూడాలంటోంది.

మీలో ఎవరికైనా చిన్ననాటి నుంచి గొంతులోనే ఉండిపోయిన మాట ఉంటే కింద రాయండి. లేదంటే వెళ్లి చెప్పేయండి... వినాల్సిన మనిషి ఇంకా ఉండగానే.