మా అవ్వ చెరిపేసిన ‘రేపు రా’

మా చిన్నప్పుడు... దయ్యానికి సర్దిచెప్పి పంపే పని ఊరు ఊరంతా నాకే అప్పజెప్పింది.

నవ్వకండి. రామన్నపేట దగ్గర మా ఊళ్లో ఆ ఎండాకాలం ఒక ఆడదయ్యం తిరుగుతోందని పుకారు లేచింది. మిట్టమధ్యాహ్నం తలుపు కొట్టి పేరు పెట్టి పిలుస్తుందట... పలికితే అంతే సంగతులట. విరుగుడు ఒక్కటే. తలుపు మీద ‘రేపు రా’ అని రాయాలి. దయ్యం వస్తుంది, చదువుకుంటుంది, వెళ్లిపోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ చదువుకుంటుంది... మా ఊళ్లో సగం మందికి చదువు రాదు, దయ్యానికి మాత్రం వచ్చు!

ఏడో తరగతి దాటని చదువు నాది. కానీ చేతిరాత గుండ్రంగా ఉండేది. సున్నం డబ్బా, వేపపుల్ల పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో బెల్లంముక్క, ఇంకో ఇంట్లో గుప్పెడు పల్లీలు... బట్టలు కుట్టే ఖాసిం మామ గడ్డం గోక్కుంటూ అడిగాడు.

"అరే, తెలుగుల రాస్తున్నవ్... అది ఉర్దూ చదివిన దయ్యమైతే ఎట్లరా?"

"గప్పుడు నువ్వే మాట్లాడి పంపియ్ మామా" అన్నాను. చేతిలో ఉన్న టేపుతో ఒక్కటిచ్చాడు.

పటేలింటి ముసలమ్మ మాత్రం ఏమీ పెట్టలేదు. పైగా "అక్షరాలు వంకర వోయినయ్" అంది. చదువు రాని మనిషికి వంకర ఎట్లా తెలిసిందో! ఒళ్లు మండి ఆ తలుపు మీద ‘ఇప్పుడే రా’ అని పెద్దగా రాసి వచ్చేశాను. పట్నం నుంచి అల్లుడొచ్చేదాకా ఆ ఇంట్లో అందరూ నిశ్చింతగా నిద్రపోయారు. అల్లుడికి చదువొచ్చు. ఆ సాయంత్రం బాపు చేతిలో నా వీపు విమానం మోత మోగింది.

అసలు తంటా మా ఇంట్లోనే వచ్చింది. మా తలుపు మీద నేను రాసిన ‘రేపు రా’ను మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, తడిగుడ్డతో తుడిచేసింది. మళ్లీ రాశాను. మళ్లీ తుడిచింది. మధ్యాహ్నం ఊరంతా తలుపులు బిగించుకుంటే, ఆమె మాత్రం తలుపు బార్లా తెరిచి గడప దగ్గర కూర్చునేది. పక్కన మూతపెట్టిన గిన్నెలో జొన్నరవ్వ ఉడికించిన గట్క. ఎప్పటి నుంచో ఆమె అలవాటది... ఎందుకో ఎవరూ అడగలేదు.

అప్పుడు ఇంట్లో పసిబిడ్డ ఉంది. నా చెల్లె. పుట్టి నెల కూడా కాలేదు. బాపుకి అదే భయం.

"ఏందే అమ్మా... పసిపోరి ఉన్నది ఇంట్ల. నీకు జరంత ఫికర్ లేదా?"

"నా తలుపు మీద గా మాట ఉండొద్దు."

"ఊరందరికి లేని పంతం నీకేంది?"

అవ్వ గట్క గిన్నెను దగ్గరికి జరుపుకుంది. బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకొని విసురుగా చెలక పనికి వెళ్లిపోయాడు.

నేను ఆమె పక్కన కూలబడ్డాను. బళ్లో సారు చదివిన పాత కథ ఒకటి బుర్రలో తిరుగుతోంది. అందులో దయ్యం రోజూ ఒకే ఇంటి ముందు వచ్చి నిలబడుతుంది. ఎవరినీ ఏమీ చెయ్యదు. మరి వేరే ఇంటికి ఎందుకు పోదని అడిగితే, సారు నన్ను కూర్చోమన్నాడు. అదే మాట అవ్వను అడిగాను.

"వేరే ఇంట్ల దానికేం పనిరా? మర్వకుండ యాది పెట్టుకున్నోళ్ల ఇంటికే వస్తది."

అప్పుడు చెప్పింది...

పోలీస్ యాక్షన్ అయిపోయింది. నిజాం పాలన పోయింది, రజాకార్లు పోయారు. ఊళ్లోకి మిల్ట్రీ దిగింది. దొరలతో కొట్లాడిన సంఘం పిల్లల కోసం గుట్టలన్నీ జల్లెడ పడుతున్నారు. వాళ్లకు ముద్ద పెట్టిన ఇంటి మగవాళ్లను క్యాంపుకి పట్టుకుపోతున్నారు. అవ్వ తమ్ముడు సాయిలు ఆ సంఘంలోనే ఉన్నాడు.

"గిట్లనే మిట్టమధ్యాన్నం. మీ బాపు నా సంకల ఉన్నడు. తలుపు అవతల నుంచి, అక్కా... జరంత గట్క పెట్టు అన్నడు. కుండ నిండ గట్క ఉన్నది బిడ్డా. బజార్ల బూట్ల సప్పుడు. మీ తాతను పట్కపోతరని పానం వణికింది. తలుపు తియ్యలే. రేపు రా తమ్మీ అన్న."

"ఏమన్నడు?"

"సరే అక్కా అన్నడు." అవ్వ గిన్నె మీద మూత సర్దింది. "తిట్టినా బాగుండు కొడకా."

సాయిలు మళ్లీ రాలేదు. పట్టుబడ్డాడో, గుట్టల్లోనే పోయాడో... చెప్పినవాళ్లు లేరు.

అవ్వ నా వైపు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నా, మూతి మీద చిన్న నవ్వు.

"పటేలింటి తలుపు మీద ఏందో రాసినవట గదా... గా మాట మనింటికి రాయి."

సున్నం డబ్బా తెచ్చాను. అంత శ్రద్ధగా నేను ఏ పరీక్షా రాయలేదు. ‘ఇప్పుడే రా.’ అవ్వకు చదువు రాదు. ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమింది... ఆరని సున్నం వేలికి అంటింది.

సాయంత్రం బాపు వచ్చి తలుపు చూశాడు. నా వీపు దానంతటదే వంగింది.

"ఇదెవలకు రాపిచ్చినవే?"

"మీ మేనమామకు."

బాపు లోపలికెళ్లి చెల్లె ఉయ్యాలను గడపకు కాస్త దూరంగా జరిపాడు. తుడవమని మాత్రం అనలేదు.

చెల్లెకు ఏమీ కాలేదు. ఇప్పుడు దాన్ని చూస్తే దయ్యాలే తలుపు గొళ్లెం పెట్టుకుంటాయి... ఈ మాట చెల్లె చదివితే నాకు రేపు ఉండదు.

ఆ తర్వాత పాత కథల్లో ఎక్కడ దయ్యం కనబడ్డా నేను దాన్ని చూడను... తలుపు లోపల కూర్చున్న మనిషిని చూస్తాను.

అవ్వ పోయింది. ఆ తలుపు చెదలు పట్టింది. ఇప్పుడు మా ఇంటికి ఇనుప గేటు, దాని మీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు. కుక్క లేదు... బోర్డు రాసింది నేనే. మధ్యాహ్నం ఎవరైనా పిలిస్తే కిటికీలోంచి తొంగిచూసి రేపు రమ్మంటున్నాం. దయ్యాలకు కాదు... మనుషులకే.

మీరు రేపు రమ్మన్నాక మళ్లీ రానివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి కింద రాయండి...

రేపు కాదు. ఇప్పుడే.