మా అక్క పేరుకు పది గింజలు

నా మనవరాలికి మా అక్క పేరు పెట్టాలని నా కోరిక. అక్క నలభై నిండకుండానే పోయింది. అమ్మ ఉన్నన్నాళ్లు ఆ పేరు ఏదో ఒక మాటలో దొర్లేది. అమ్మ కూడా పోయాక మా ఇంట్లో దాన్ని పలికే నోరే లేకుండా పోయింది. అందుకే కొడుక్కు బిడ్డ పుట్టిందని కోరుట్ల నుంచి ఫోన్ రాగానే పేరు సంగతి ఎత్తాను. "ముందు తల్లి ఎట్లున్నదో అడుగు" అని మా ఆయన కసిరాడు.

పిల్లను తొట్టెలలో వేసే రోజు సిరిసిల్ల నుంచి కోరుట్లకు, కోడలి పుట్టింటికి పోయాం. అక్కడ అసలు పంచాయితీ మొదలైంది. కోడలికి ఫోన్‌లో చూసిన కొత్త పేరు మీద మనసు. నాకు నోరు తిరగలేదు గానీ అందంగానే ఉంది, అబద్ధమెందుకు! పంతులు చెప్పిన అక్షరంతో ఇంకో పేరు వచ్చింది. దాని మీద ఎవరికీ ప్రేమా లేదు, పగా లేదు. మాటా మాటా పెరిగింది. వియ్యపురాలు మెల్లగా, "వదినె, నిండు నూరేండ్లు బతికినోళ్ల పేరైతే మంచిగుండు గని..." అని ఆగిపోయింది.

అప్పుడు నా కొడుకు అందుకున్నాడు. "లొల్లెందుకే అమ్మా, పెద్దమ్మ లెక్క చేద్దాం. చింతగింజలేద్దాం."

అది నిజంగా అక్క లెక్కే. పెగడపల్లిలో మా చిన్నప్పుడు ఆదివారం సర్వపిండా, అట్లా, గుడాలా అని అక్కా నేనూ తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్లం. ఎక్కువమంది అడిగింది వండితే తమ్ముడు పొర్లి పొర్లి ఏడ్చేవాడు. అక్క ఒక ఉపాయం తీసింది. తలా ఆరు గింజలు. బాగా ఇష్టమైనదానికి మూడు, ఫరవాలేదు అనుకున్నదానికి రెండు, వద్దనుకున్నదానికి ఒకటి. దేనికి ఎక్కువ గింజలు పడితే అమ్మ అది వండేది. "వద్దన్నదానికి సుత ఒకటెందుకే?" అంటే, "గది గూడ మనింట్ల వండేదే గదనే, ఒట్టిగ పంపుతమా?" అనేది. పాటల పోటీల్లోనూ ఇలాగే మార్కులు వేస్తారని నా కొడుకు ఇప్పుడు చెబుతాడు. అక్కకు ఏ పోటీ తెలుసు, తమ్ముడి ఏడుపు తప్ప!

వియ్యపురాలు చింతగింజలు తెచ్చింది. మూడు చీటీలు చాప మీద పరిచారు. నేనూ మా ఆయనా అక్క పేరుకు మూడేసి వేశాం, పంతులు పేరుకు రెండేసి, కోడలి పేరుకు ఒక్కొక్కటి. కోడలూ వాళ్లమ్మా తమ పేరుకు మూడేసి, పంతులు పేరుకు రెండేసి, అక్క పేరుకు ఒక్కొక్కటి. లెక్క చూస్తే మూడింటికీ ఎనిమిదే! మిగిలింది నా కొడుకు. ఆరు గింజలు గుప్పిట్లో పట్టుకుని నా ముఖం చూశాడు, పెళ్లాం ముఖం చూశాడు. అడకత్తెరలో పోకచెక్క. మూడూ తీసుకెళ్లి పంతులు పేరు మీద పెట్టాడు. అక్కకు రెండు, పెళ్లానికి ఒకటి.

పదకొండు, పది, తొమ్మిది. ఒక్క గింజతో అక్క ఓడిపోయింది.

"పెద్దమ్మ పేరు పెడితే రేపు బిడ్డను ఎట్ల తిడుదునే అమ్మా? నోరొస్తదా?" అన్నాడు వాడు. ఆ మాటకు నాకు కోపం కూడా రాలేదు. ఎవరూ అలగకుండా చూసే లెక్క అది, అక్క కోరుకున్నదీ అదే. అయినా వచ్చేటప్పుడు బస్సులో వేములవాడ దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

ఐదో నెలలో కోడలు పిల్లతో సిరిసిల్ల వచ్చింది. వచ్చిన రోజే, "అత్తమ్మా, ఇంట్ల మీరు పెద్దత్తమ్మ పేరుతోనే పిల్వుండ్రి. నాకు మంచిగనే అనిపిస్తది" అంది. మంచి పిల్ల. పాపను ఒళ్లోకి తీసుకుని నోరు తెరిచాను. పేరు రాలేదు.

నేను జన్మలో అక్కను పేరు పెట్టి పిలిచిందెప్పుడు? నాకు ఆమె అక్క, అంతే. ఆ పేరు పిలిచేది వేరేవాళ్లు. జగిత్యాలలో అక్క ఇంటికి పోతే బావ నన్ను చూసి గడపలోంచే ఆ పేరు కేకేసి, "మీ చెల్లె అచ్చింది" అనేవాడు. "ఆఁ, అత్తున్న" అంటూ అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చేది. ఇన్నాళ్లూ నేను అడిగింది అది.

కోడలు నా ముఖమే చూస్తోంది.

"నువ్వు పిలువు బిడ్డా, నేను వింట" అన్నాను.

తను పాప మీదికి వంగి, ఇల్లంతా వినబడేలా పిలిచింది. పాప నవ్వింది. నేను వంటింటి వైపు చూశాను.