కారులోనూ మగ్గమే

మా ఆయన చౌడప్ప మెలకువగా ఉన్నాడా, కలగంటున్నాడా అన్నది ఆయన కాళ్లను చూస్తే తెలుస్తుంది. కళ్లను నమ్మడానికి లేదు. మంచం అంచున కూర్చుని కాఫీ తాగుతూ గోడకేసి చూస్తుంటాడు. పిలిస్తే పలుకుతాడు, అడిగినదానికి జవాబు కూడా చెప్తాడు. కానీ కింద ఎడమ కాలు దిగుతుంటుంది, కుడి కాలు లేస్తుంటుంది. మళ్లీ కుడిది దిగుతుంది, ఎడమది లేస్తుంది. అప్పుడు నాకు అర్థమైపోతుంది, మనిషి నా ఎదుట లేడు, మగ్గంలో ఉన్నాడని.

మైదుకూరులో మాది చేనేత వీధి. మా ముందరి గదిలో నేలలోకి తవ్విన గుంత మగ్గం ఉంది. గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న రెండు చెక్కల్నీ మార్చి మార్చి తొక్కాలి. మా మామ ఆ గుంతలోనే ముసలివాడయ్యాడు. ఉత్త నేతతో ఇల్లు గడవక మా ఆయన కారు కొని బాడుగలకు తిప్పుతున్నాడు. పొద్దున మగ్గం, ఎండెక్కాక కారు. మగ్గం మీద ఉన్నప్పుడు కారు గురించి ఒక్కనాడూ కలగన్న పాపాన పోలేదు. కారెక్కితే మాత్రం మగ్గమే కలలోకి వస్తుంది. ఒకసారి మేకల మందలోకి, ఇంకోసారి ఎవరిదో సెనగ చేలోకి పోయాడు. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

నాకు భయం పట్టుకుంది. మనిషి బయటికి పోతే తిరిగి వచ్చేదాకా ముద్ద దిగేది కాదు. చివరికి తెగేసి చెప్పాను, కారో మగ్గమో ఒకటే ఉండాలని. ఆయన నా మీద అరిచి ఉంటే బాగుండేది. "సరేలే లీలా, మగ్గం తీసేద్దాం" అన్నాడు, పొయ్యి మీద పాలు దించమన్నంత మెల్లగా. ఏదడిగినా కాదనడు. ఆయనతో వచ్చిన చిక్కే అది. మా మరిది శివకుమార్ బేల్దారి పని చేస్తాడు. సోమవారం గుంత పూడ్చి పైన బండలు పరుస్తానన్నాడు. కంకర కూడా తెచ్చి వాకిట్లో పోయించాడు.

ఆఖరి చీర ఎర్రగుంట్ల విశ్వాసమ్మ కూతురు స్తుతిది. వాళ్లు క్రైస్తవులు, పెళ్లికూతురు మందిరంలోకి తెల్లచీరతోనే పోవాలి. అంచున ద్రాక్షతీగ ఉండాలని విశ్వాసమ్మ అడిగింది. మా ఆయన ఆ తీగను కూడా తెల్ల నూలుతోనే నేశాడు. ఎదురుగా చూస్తే ఏమీ ఉండదు. వెలుతురు పక్కనుంచి పడితే ఆకులు కనిపిస్తాయి. అటువంటి పిచ్చిపని ఆయనే చేయగలడు.

చీర కోశాక మగ్గంలో జానెడు పాత పోగులు మిగులుతాయి. వాటిని తీసేయరు. కొత్త చీరకు నిలువు పోగుల పడుగు వచ్చినప్పుడు ఆ కొసలకే పోగుకు పోగు అతుకుతారు. మా మామ కాలం నుంచి ఆ పోగులు అలా తెగకుండా ఒకదానికొకటి అతుక్కుంటూ వస్తున్నాయి. "అవీ కోసేస్తే పోతాది కదా" అన్నాను. "సోమారం దాకా ఉండనీలే" అని ఆయన చీర మడతపెట్టాడు.

పెళ్లి రేపనగా చీర ఇచ్చిరావడానికి ఇద్దరం బయలుదేరాం. చీర నా ఒళ్లో ఉంది. నల్లరేగడి చేలల్లో సెనగ ఎండి, గాలికి చిన్నగా గలగలమంటోంది. ఎండలో రోడ్డు దూరంగా నీళ్లలా మెరుస్తూ, మేం దగ్గరికి పోయేకొద్దీ వెనక్కి జరుగుతోంది. ఎర్రగుంట్ల దగ్గర పడేసరికి సిమెంటు దుమ్ముతో చెట్లన్నీ తెల్లగా, కదలకుండా నిలబడి ఉన్నాయి. రోడ్డు మధ్య తెల్లగీతలు ఒక్కొక్కటే కారు కిందికి దూరుతుంటే నాకే మగ్గంలో పోగుల మధ్య నాడె అటూ ఇటూ పోయి వస్తున్నట్టు అనిపించింది. నాకే అలా ఉంటే ఆయన సంగతి చెప్పాలా. నేను ఆయన కాళ్లు చూడాల్సింది. చెట్లు చూస్తూ కూర్చున్నాను.

ఊరి మొదట్లో రోడ్డు మధ్య డివైడరు మొదలవుతుంది. ముందు లారీ నెమ్మదించింది. ఆయన బ్రేకు తొక్కాడు, బాగానే ఉంది. తర్వాత ఎడమ కాలితో క్లచ్చి తొక్కాడు. మగ్గంలో ఎడమది దిగితే కుడిది లేవాలి కదా, లేచింది. బ్రేకు వదిలిన కారు తన దారిన తాను పోయి డివైడరు రాయిని కొట్టుకుంది. పెద్ద దెబ్బేం కాదు. చీర నా ఒళ్లోంచి జారలేదు. కానీ ముందు టైరు పక్క భాగం పెదవి చీలినట్టు చీలి, కారు ఒకవైపు కుంగింది.

"కాళ్లు," అన్నాను.

"ఊఁ," అన్నాడు.

కారును మెల్లగా రోడ్డు వారకు తీశాడు. పానా బిగించి నట్లు వదులు చేయబోతే అవి కదల్లేదు. నేను దిగి పానా కాడ మీద ఎక్కి నిలబడ్డాను. ఒక్కో నట్టూ కిర్రుమని లొంగింది. నా బరువు కలిసొచ్చిందని ఆయన మెచ్చుకున్నది పెళ్లయ్యాక అదే మొదటిసారి. తర్వాత డిక్కీ తెరిచి, అలాగే నిలబడిపోయాడు. నేనూ పోయి చూశాను. స్టెప్నీ ఉండాల్సిన చోట రెండు నూలు కట్టలు ఉన్నాయి.

"స్టెప్నీ యాడుండాది?"

ఆయన నా వైపు చూడలేదు. "ఇంట్లో ఉండాది. గుంత కాడ."

అప్పుడు గుర్తొచ్చింది. నడుము నొప్పికి గట్టి చెక్క మీద కూర్చోవద్దని డాక్టరు చెప్తే, ఈయన స్టెప్నీ తీసి, కొంచెం గాలి వదిలి, గుంత అంచున వేసుకున్నాడు. కాళ్లు పొడుగు కదా, ఆ ఎత్తు ఆయనకు చక్కగా సరిపోయింది. దాని మీద బొంత కప్పి కుట్టింది నేనే. రోజూ చూస్తూ, అది కారుదన్న సంగతే మరిచిపోయాను. ఇద్దరిలో ఎవరిని తిట్టాలో తెలియక నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు.

శివకుమార్‌కు ఫోన్ చేశాం. బొంత విప్పి, స్టెప్నీకి గాలి కొట్టించుకుని బండి మీద తెస్తానన్నాడు. విశ్వాసమ్మకూ చెప్పాం. ఆమె ఆటోలో అక్కడికే వచ్చింది.

పొద్దు వాలుతోంది. లారీలు పోయినప్పుడల్లా దుమ్ము లేచి, ఎండలో బంగారు రంగు తిరిగి, నిదానంగా దిగుతోంది. విశ్వాసమ్మ చీర విప్పి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుంది. ఏటవాలు వెలుతురు పడి అంచు పొడవునా ఆకులు లేచాయి. గాలి వచ్చింది, తీగ కదిలింది. ఇన్నేళ్లూ ఆయన కాళ్లు తిరుగుతున్న చోటు ఇదన్నమాట అనుకున్నాను. ఆ చోటునే నేను కంకరతో పూడ్చమన్నాను.

"నా పెండ్లి చీర మీ నాయన నేసిందే చౌడప్పన్నా," అంది విశ్వాసమ్మ చీర మడుస్తూ. "మా చిన్నపాపకు గూడా నువ్వే నేయల్ల. ఇంగా రెండేండ్లు టైముండాదిలే."

ఆయన తల వంచి పానాకంటిన దుమ్ము తుడవసాగాడు. నా మాట జవదాటడు, ఆమెకు అబద్ధం చెప్పడు. ఆ రెండింటి మధ్య చిక్కుకుని నిలబడ్డాడు.

"నేస్తాడులే అక్కా," అన్నాను నేను.

ఆయన తలెత్తాడు. అంత మెలకువగా ఉన్న కళ్లు ఆయనకు ఉన్నాయని నాకు తెలియదు.

శివకుమార్ వచ్చాడు. అన్నదమ్ములు జాకీ ఎత్తి స్టెప్నీ బిగించారు. ఒక పక్కన నా కుట్టు దారం పోగు ఇంకా అంటుకునే ఉంది. ప్రొద్దుటూరులో టైర్ల అంగడి ముందు ఆగాం. అంగడాయన చక్రం నుంచి చీలిన టైరు ఊడదీసి, కొత్తది ఎక్కించి, పాతదాన్ని మూలకు విసరబోయాడు.

"అది మాకియ్యప్పా," అన్నాను.

"దేనికమ్మా, అది రోడ్డుకు పనికిరాదు."

"రోడ్డుకు కాదులే."

బిగించిన కొత్త టైరు స్టెప్నీగా డిక్కీలోకి పోయింది. చీలిన టైరును వెనక సీటులో పెట్టాం. దారి పొడుగునా ఆయన ఎందుకని అడగలేదు. నేను చెట్లు చూడలేదు, ఆయన కాళ్లే చూస్తూ కూర్చున్నాను.

మరునాడు ఆ టైరు కడుపులో చిక్కునూలు, పాతగుడ్డలు కూరి, చీలినచోట గోనెపట్టా వేసి, బొంత కప్పి కుట్టాను. గుంత అంచున వేసి చేత్తో అదిమి చూశాను. ముందటిదాని కన్నా మెత్తగానే ఉంది. సోమవారం పారతో వచ్చిన శివకుమార్‌ను ఆ కంకర వాకిట్లోనే పరచమన్నాను, వానకు కారు బురదలో దిగబడకుండా. "మొన్నటిదాకా నువ్వే గదా వదినా పూడ్చమనింది" అని సణుగుతూనే పరిచాడు.

డిక్కీలోని నూలు కట్టలు పడుగై వచ్చిన రోజు, మగ్గం ముందు కూర్చుని పోగు జారకుండా వేలికి బూడిద అద్దుకున్నాను. మామ కాలం నాటి కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికాను. ఆయన టైరు మీద కూర్చుని చూస్తున్నాడు. చెక్కల మీద కాళ్లు అప్పుడే కదులుతున్నాయి.

"ఈడ నీ ఇష్టమొచ్చినట్ల తొక్కుకో," అన్నాను. "కార్లో మాత్రం పక్కన నేను కూసుంటా."

"కూసో," అన్నాడు. ఎడమ కాలు దిగింది, కుడి కాలు లేచింది.